ఒంగోలంటే భయం, ఊరంటే ధీమా

దర్శిలోనో పొదిలిలోనో ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయిని డిగ్రీకి ఒంగోలు హాస్టల్లో వేయాలా వద్దా అని ఇంట్లో మాట వచ్చిందంటే, 'టౌన్‌లో రోజులు బాగాలేవు' అని ఎవరో ఒకరు అనకుండా ఉండరు. గంజాయి బ్యాచ్‌లు, చైన్ స్నాచింగులు, బస్టాండు దగ్గర పోకిరీలు, చిట్టా సిద్ధంగా ఉంటుంది. అదే ఇంట్లో హైదరాబాద్ ప్రస్తావన వస్తే ముందు ఖర్చు, దూరం, ట్రాఫిక్ గుర్తొస్తాయి. నేరం మాట ఆ తర్వాతే. ఇక సొంత ఊరి గురించైతే ఆ ప్రశ్నే పుట్టదు. మన ఊళ్లో మనకేం భయం?

ఒక్క ఒంగోలుకే కాదు, నెల్లూరు, అనంతపురం, కరీంనగర్, నిజామాబాద్ లాంటి జిల్లా కేంద్రాలన్నిటికీ ఈ పేరు పడింది. ఇవి హైదరాబాదంత పెద్దవి కావు, మండల కేంద్రమంత చిన్నవీ కావు. పక్కవాడెవడో తెలియనంత పెరిగాయి, పక్క వీధిలో ఏం జరిగినా చెవిన పడేంత చిన్నగానే ఉండిపోయాయి. వీటి మీద మనకున్న భయంలో నేరాల వాటా కొంతే. మిగతాది ఆ నేరాలు మన దాకా వచ్చే దారి వల్ల పుడుతోంది. ఊరి మీద మనకున్న ధీమా కూడా అలాంటిదే. అక్కడ జరిగేవి బయటికి రాకపోవడం వల్లే అది నిలబడుతోంది.

పత్రికలతో మొదలుపెడదాం. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు తెచ్చింది. మిగతా తెలుగు పత్రికలూ అదే బాట పట్టాయి. జిల్లా పేజీలు రోజూ నిండాలి. రోజూ తప్పకుండా సరుకు దొరికే చోట్లు పోలీస్ స్టేషన్, ప్రభుత్వాసుపత్రి, కోర్టు. ఈ మూడూ పెద్దవి ఉండేది జిల్లా కేంద్రంలోనే. ఎక్కడో మారుమూల మండలంలో గట్టు తగాదాలో తలలు పగిలితే క్షతగాత్రుల్ని తెచ్చేది జిల్లా ఆసుపత్రికి. వాళ్లలో ఒకరు చనిపోతే వార్త రాసేది అక్కడి విలేకరి. ఏ మూల జరిగిన హత్య కేసైనా నిందితులకు ముసుగులు తొడిగి ఎస్పీ ప్రెస్‌మీట్ పెట్టేది అక్కడే. వార్త మొదట్లో 'నెల్లూరు (క్రైం)', 'కరీంనగర్ క్రైం' అని ఉంటుంది. గొడవ ఏ ఊరిదో లోపల మూడో వాక్యంలో వస్తుంది. ఏళ్ల తరబడి అలా చదివిన పాఠకుడికి పట్టణం పేరు, క్రైం అన్న మాట జంటగా గుర్తుండిపోతాయి.

ఇప్పుడు దీనికి వాట్సాప్ గ్రూపులు, సీసీ కెమెరా క్లిప్పులు తోడయ్యాయి. హైదరాబాద్‌లో ఒక కాలనీలో గొలుసు తెంపుకుపోతే పది కిలోమీటర్ల అవతల ఉన్నవాడికి అది వేరే ఊరి సంగతి. జిల్లా కేంద్రంలో అయితే ఆ వీధి మనకు తెలుసు, ఆ మలుపులో టిఫిన్ బండి తెలుసు, గొలుసు పోయినావిడ మన పిల్లల టీచరమ్మకు చుట్టమని కూడా తెలుసు. జరిగింది ఒక్క నేరమే అయినా కొన్ని వందల ఇళ్లలో అది తమకే జరిగినట్టు ఉంటుంది. ఆ క్లిప్పు నెల తర్వాత ఇంకో గ్రూపులో 'ఈరోజు ఉదయం' అనే పేరుతో మళ్లీ వస్తుంది.

పల్లెకు వెళ్దాం. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోవడం, బోరు మోటార్లు, కేబుల్ వైరు మాయం కావడం, రాత్రికి రాత్రి దొడ్లో మేకలు పోవడం రెండు రాష్ట్రాల్లోనూ రైతులందరికీ తెలిసిన బాధలు. పైరు ఎండే రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్ పోతే దాని కింద ఉన్న రైతులంతా కొత్తది వచ్చేదాకా కరెంటాఫీసు చుట్టూ తిరగాల్సిందే. నష్టం లెక్కేస్తే ఒక్కోసారి రెండు మూడు గొలుసుల విలువ ఉంటుంది. అయినా దాన్ని చూసి ఎవరూ 'మా ఊళ్లో బతకడం ప్రమాదం' అనరు. విసుక్కుంటారు, దొంగను తిడతారు, చందాలేసుకుంటారు. నేరం పొలానికి జరిగితే మనసులో అది నష్టాల ఖాతాలో పడుతుంది, ఒంటి మీదికో ఇంట్లోకో వస్తేనే భయం అవుతుంది.

ఊళ్లో జరిగేవి బయటికి రాకపోవడానికి రెండో కారణం పెద్దమనుషుల పంచాయితీ. ఊళ్లో కొట్లాట జరిగినా, అమ్మాయిని ఎవడైనా ఏడిపించినా, అప్పు ఎగ్గొట్టినా ముందు రచ్చబండ, తర్వాతే స్టేషన్. స్టేషన్ దాకా వచ్చినా చాలా వ్యవహారాలు 'పిటిషన్' దగ్గరే, అంటే కేసు కట్టని రాత ఫిర్యాదు దగ్గరే ఆగుతాయి. ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టి, నాలుగు చీవాట్లు పెట్టి, రాజీ కాగితం రాయించి పంపేస్తారు. వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల (కాగ్నిజబుల్) నేరం జరిగినట్టు ఫిర్యాదులో ఉంటే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో జీరో ఎఫ్‌ఐఆర్‌కు, అంటే నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కేసు కట్టే పద్ధతికి చోటుంది. తీర్పులు అలా ఉన్నాయి. మండల స్టేషన్‌లో మాత్రం 'కేసెందుకమ్మా, కోర్టుల చుట్టూ తిరగ్గలవా?' అన్న మాట ఇంకా బలంగానే పనిచేస్తోంది. చెప్పుకోవాలంటే ఆ సలహా కొందరికి నిజంగానే మేలు చేస్తుంది. లెక్కకు మాత్రం ఆ గొడవ లేనట్టే.

నేరాల పుస్తకం అచ్చువేసే జాతీయ నేర గణాంకాల సంస్థ, అంటే ఎన్‌సీఆర్‌బీ, తన నివేదికలోనే ఒక హెచ్చరిక రాస్తుంది: నేరం పెరగడం వేరు, నేరాల నమోదు పెరగడం వేరు. టీవీ చర్చల్లో ఆ పేజీ ఎవరూ తిప్పరు. సైబర్ నేరాలనే చూడండి. 2022లో దేశవ్యాప్తంగా నమోదైన 65,893 కేసుల్లో 15,297 ఒక్క తెలంగాణవే, అప్పటికి దేశంలో మొదటి స్థానం. దేశంలో నాలుగో వంతు మోసగాళ్లు తెలంగాణనే ఎంచుకున్నారని దీని అర్థమా? అక్కడ ఫిర్యాదు తీసుకుని కేసు కట్టడం ఎక్కువగా జరుగుతోందన్న వివరణ నాకు ఎక్కువ నమ్మదగినదిగా అనిపిస్తుంది. నమోదు బాగా జరిగే చోటు ప్రమాదకరంగా, ఫిర్యాదు కాగితం తీసుకోని చోటు ప్రశాంతంగా కనిపించే తమాషా ఇది. పెద్ద నగరాల్లోనూ నమోదు అంతంత మాత్రమే. 2017లో ఐడీఎఫ్‌సీ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ ఢిల్లీ, ముంబయి, చెన్నై, బెంగళూరుల్లో ఇంటింటికీ తిరిగి అడిగితే, దొంగతనానికి గురైనవారిలో పదో వంతు మంది కూడా ఎఫ్‌ఐఆర్ దాకా వెళ్లలేదని తేలింది. మెట్రోల్లోనే ఇలా ఉంటే మండలాల సంగతి ఊహించుకోవచ్చు.

పైగా ఆ పుస్తకంలో చిన్న నగరానికి విడిగా మొహమే లేదు. నగరాల అధ్యాయంలో 20 లక్షలు దాటిన 19 మెట్రోలే ఉంటాయి. తెలుగు రాష్ట్రాల నుంచి హైదరాబాద్ ఒక్కటే. ఒకప్పుడు 10 లక్షలు దాటిన 53 నగరాల పట్టిక ఇచ్చేవారు, అందులో విశాఖ, విజయవాడ కనిపించేవి. ఇప్పుడా అధ్యాయంలో అవీ లేవు. జిల్లా పట్టికల్లో చూస్తే పట్టణం, దాని చుట్టూ ఉన్న పల్లెలు ఒకే వరుసలో కలిసిపోతాయి. కాబట్టి 'టౌన్ కంటే ఊరే సేఫ్' అని ఎవరైనా ఢంకా బజాయించి చెబితే, ఆ మాటకు ఆధారం ఈ అంకెల్లో దొరకదు.

అసలు దెబ్బ ఎవరి చేతిలో తగులుతోంది? అత్యాచార కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే అయిన సందర్భాలు సుమారు 95 శాతమని ఎన్‌సీఆర్‌బీ నివేదికలు ఏటా చెబుతున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం, భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింసకు గురైన వివాహితలు దేశంలో 29 శాతం మంది. పట్టణాల్లో 24, పల్లెల్లో దాదాపు 32. తెలంగాణలో రెండూ కలిపి 37 శాతానికి దగ్గర. హింస అనుభవించిన మహిళల్లో సాయం కోరినవాళ్లు 14 శాతమే, 77 శాతం మంది ఎవరికీ చెప్పనైనా లేదు. 'మన ఊళ్లో మనకేం భయం' అనే ఇంట్లోనే ఇదంతా ఉంది. టౌన్ హాస్టల్ గురించి జరిగే చర్చలో ఈ అంకె ఎప్పుడూ రాదు. వస్తే కూర్చున్నవాళ్లలో కొందరు లేచి వెళ్లాల్సి ఉంటుంది.

ఊరి భద్రత గురించి మాట్లాడేటప్పుడు 'మన' అనే మాటలో ఎవరెవరున్నారో కూడా చూడాలి. 1985 జులైలో కారంచేడులో దళితుల మీద దాడి జరిగి ఆరుగురు చనిపోయాక, బతికినవాళ్లు ఎక్కడికి పరిగెత్తారు? చీరాలకు. అక్కడి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. 1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిది మందిని చంపినప్పుడు బాధితులు చేరింది తెనాలికి. చీరాల, తెనాలి రెండూ అచ్చంగా మనం భయపడే రకం పట్టణాలే: బజారు, రైల్వే స్టేషన్, సినిమా హాళ్లు, ఎవరికి ఎవరో తెలియని జనం. ఎవరికి ఎవరో తెలియకపోవడమే ఆ రోజు వాళ్ల ప్రాణాలు కాపాడింది. ఊళ్లో అందరికీ అందరూ తెలుసు, ఎవరి ఇల్లు ఎక్కడో, ఎవరి కులమేదో తెలుసు. దాడి జరిగింది ఆ తెలియడం మీద నిలబడే. ఇవి పాత సంగతులే. కానీ కులాంతర ప్రేమపెళ్లి చేసుకున్న జంట ఈరోజుకీ ఊరు వదిలి టౌన్‌కే ఎందుకు పారిపోతుందో అడిగితే అదే జవాబు వస్తుంది.

కొత్తవాణ్ని చూసి ఊరు పడే భయం ఎంత దూరం పోగలదో 2018 మే నెలలో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు చుట్టేశాయి. రెండు రాష్ట్రాల్లో రాత్రిళ్లు కర్రలతో కాపలా కాశారు. అడుక్కునేవాళ్లను, భాష రానివాళ్లను, మతిస్థిమితం లేనివాళ్లను పట్టుకుని కొట్టారు. ప్రాణాలు పోయాయి. పుకారు నమ్మింది పల్లెలే అనుకోవద్దు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్‌ను గుంపు చంపేసింది. అదే సమయంలో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబుల్‌ను కేటాయించి, దండోరా వేయించి, పాటలు కట్టించి పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. ఆమె పరిధిలో చావులు జరగలేదు. అక్కడ కెమెరాల కంటే ఎక్కువ పనిచేసింది జనానికి పేరుతో తెలిసిన పోలీసు ఉండటం.

అలాగని టౌన్ భయమంతా వట్టిదని నేను అనను. సంక్రాంతికి ఒంగోలో నెల్లూరో చూడండి. సగం అపార్ట్‌మెంట్లకు తాళాలు, మనుషులంతా సొంతూళ్లలో. దొంగకు ఇంతకంటే అనువైన రోజులు లేవు. అందుకే పండగ ముందు స్టేషన్లు మైకు ప్రచారం చేస్తాయి. ఆంధ్రా పోలీసులు తాళం వేసిన ఇళ్లలో కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ పద్ధతి తెచ్చిందీ ఇందుకే. పల్లెలో ఇళ్ల దొంగతనాలు తక్కువే అనుకున్నా, దానికి జనం మంచితనం కంటే అరుగు మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండటం పెద్ద కారణం. ఆ అరుగులూ ఖాళీ అవుతున్నాయి. గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలో పెద్ద డాబాల్లో ఒంటరిగా ముసలి ప్రాణాలు, మెడలో బంగారం, ఇంటి కెమెరాను డాలస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో ఫోన్లో చూసుకునే పిల్లలు. ఒంటరి వృద్ధురాలిని నగల కోసం చంపిన వార్త ఇప్పుడు ఏ పల్లె నుంచైనా రావచ్చు.

ఊళ్లకు పడిన పేర్ల గురించి ఎక్కువ చెప్పను. 1988 డిసెంబరు 26న వంగవీటి మోహనరంగా హత్య, ఆ తర్వాతి అల్లర్లతో బెజవాడకు పడిన ముద్ర, ఆ తర్వాత పుట్టినవాళ్ల మాటల్లోనూ ఉంది. కడపకు బదిలీ అంటే జంకే ఉద్యోగి కడపను చూసింది ఎక్కువగా సినిమాల్లోనే. స్టువర్టుపురం సంగతి ఇంకా అన్యాయం. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా చూసిన బ్రిటిష్ కాలపు నేరస్థ తెగల చట్టాన్ని 1952లోనే ఎత్తేసినా ఆ ఊరి పేరు చెప్పి ఉద్యోగం అడగడం ఎంత కష్టమో అక్కడి చదువుకున్న పిల్లలకే తెలుసు.

రోడ్డు గురించి కూడా ఒక మాట. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 68 శాతం గ్రామీణ ప్రాంతాల రోడ్ల మీదే. గంజాయి బ్యాచ్ భయంతో అమ్మాయిని టౌన్ హాస్టల్‌కు పంపని తండ్రి, ఆమెను రోజూ కిక్కిరిసిన షేర్ ఆటోలో హైవే మీద కాలేజీకి పంపుతాడు. ఆమె ప్రాణానికి ఏది ఎక్కువ ముప్పో కాసేపు కూర్చుని లెక్కేసుకోవచ్చు.

డిసెంబరు చివర్లో ప్రతి జిల్లా ఎస్పీ వార్షిక నేర సమీక్ష ప్రెస్‌మీట్ పెడతారు. నేరాలు ఇంత శాతం తగ్గాయని చెబుతారు, మర్నాడు అదే హెడ్డింగ్. 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం వల్ల సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లు ఆన్‌లైన్‌లో పెట్టాలి, కాబట్టి వాటి లెక్క ఎవరైనా సరిచూడొచ్చు. ఆ ప్రెస్‌మీట్‌లో విలేకరులు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఏడాదిలో ఒక్కో స్టేషన్‌కు ఎన్ని పిటిషన్లు వచ్చాయి, ఎన్ని ఎఫ్‌ఐఆర్‌లుగా మారాయి, ఎన్ని రాజీ అయ్యాయి? టౌన్ స్టేషన్లకూ రూరల్ స్టేషన్లకూ విడివిడిగా చెప్పమనాలి. రూరల్ స్టేషన్‌లో వచ్చిన పిటిషన్లకూ కట్టిన కేసులకూ మధ్య తేడా ఎక్కువ ఉంటే, తగ్గిందని చెప్పే శాతంలో ఆ తేడా ఎంత కలిసిందో కూడా అక్కడే అడగాలి.