లెక్కకు రాని వడదెబ్బ

రాత్రి పదకొండింటికి ఒక రేకుల ఇంట్లోకి అడుగుపెట్టి చూడండి. పగలంతా కాలిన రేకు ఇంకా సెగ చిమ్ముతూనే ఉంటుంది. గోడకు వీపు ఆనిస్తే చురుక్కుమంటుంది, ఫ్యాను వేస్తే వేడిగాలి. రేకుల మీద బకెట్లతో నీళ్లు గుమ్మరించి, తడిగుడ్డ కప్పుకొని, ఏ తెల్లవారుజామునో కునుకు తీసిన కూలీ మళ్లీ ఆరింటికల్లా అడ్డా మీద ఉండాలి.

వడదెబ్బ అనగానే మనకు మిట్టమధ్యాహ్నపు ఎండే గుర్తొస్తుంది. కానీ పగలు ఒంటికెక్కిన వేడి రాత్రికి దిగాలి. దిగకపోతే గుండె, మూత్రపిండాలు రోజురోజుకీ డస్సిపోతాయి. నాలుగో రోజో ఐదో రోజో మనిషి కుప్పకూలితే గుండెపోటు అని రాస్తారు. ఎండ పేరు ఎక్కడా ఉండదు.

2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడగాడ్పులకు బలయ్యారు. అదీ సర్కారు లెక్కకు అందినంత మేరకే. భూమి వేడెక్కుతున్నకొద్దీ అలాంటి వేసవులు ఇంకా తరచుగా వస్తాయి. రెంటచింతల, రామగుండం ఎండలు ఏటా వార్తల్లోకెక్కుతాయి. కాకినాడలోనో మచిలీపట్నంలోనో 38 డిగ్రీలంటే ఎవరికీ టెన్షన్ ఉండదు. కానీ అక్కడ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడే దారే లేదు.

వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు నాలుగు లక్షల రూపాయలు ఇస్తామని తెలంగాణ 2025లో నిర్ణయించింది. మంచి పని. అయితే అది వడదెబ్బ చావేనని అధికారులు ధ్రువీకరించాలి. చేలో పడిపోయిన మనిషిని పోస్టుమార్టానికి పంపడానికి ఇంటివాళ్లకు మనసొప్పదు, పొద్దుగూకేలోపే దహనం చేసేస్తారు. కాగితం లేక పరిహారం రాదు, ఆ చావు లెక్కలోకీ రాదు.

అహ్మదాబాద్ మరో దారి చూపింది. 2010 మేలో అక్కడ జరిగిన మొత్తం మరణాలను మామూలు మే నెలలతో పోల్చి చూస్తే 1,300కు పైగా అదనంగా తేలాయి. ఆ నగరం 2013లో వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. మన మునిసిపాలిటీల్లోనూ మరణాల రిజిస్టర్లు ఉన్నాయి. రోజువారీ సంఖ్యలను ఆ రోజు ఎండతో పక్కపక్కన పెట్టి వేసవిలో వారం వారం ప్రకటించాలి.

ఒళ్లు కాలిపోతూ, మాట తడబడి, మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నాడంటే ప్రాణం మీదికొచ్చినట్టే. జ్వరం మాత్ర దానికి పనిచేయదు. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరాలి, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టాలి. మొదటి అరగంటే కీలకం. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మార్చి నుంచే ఐసు సిద్ధంగా ఉండాలని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

ఇక ఇంటి కప్పు సంగతి. పైకప్పు చల్లగా ఉంచేందుకు తెలంగాణ 2023లో ప్రత్యేక విధానమే తెచ్చింది. కానీ 600 చదరపు గజాల లోపు ఇళ్లకు దాన్ని ఐచ్ఛికంగా వదిలేసింది. రేకుల ఇల్లు వచ్చేది ఆ కోవలోనే. వచ్చే వేసవిలోపు ఆ రేకులకు తెల్ల పూత మునిసిపాలిటీల ఖర్చుతోనే వేయించాలి.