నీరెండకు కళ్లజోడు ఊడదు

పిల్లల చూపు గురించి వాట్సాప్‌లో ఒక సందేశం చక్కర్లు కొడుతోంది. పిల్లలకు సైటు రావడానికి సెల్‌ఫోన్ ఒక్కటే కారణమనీ, రోజూ పొద్దున్నే కళ్లజోడు తీసేసి పది నిమిషాలపాటు ఉదయసూర్యుణ్ణి చూస్తే విటమిన్ డి అంది, మూడు నెలల్లో పవర్ పూర్తిగా పోతుందనీ దాని సారాంశం. ఆరుబయట ఎక్కువసేపు గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించే సైటు) తక్కువగా వస్తుందన్నది రుజువైన విషయమే. సందేశంలో మిగిలినదంతా ఆ నిజానికి అతికించిన అబద్ధం.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది సూర్యుణ్ణి చూడమనడం. కంటి కటకం ఆ కాంతిని రెటీనా (కంటి లోపల వెనకవైపున్న, బొమ్మ పడే పొర) నడిమధ్యన, అంటే అక్షరాలు చదివే చోటనే కేంద్రీకరిస్తుంది; అక్కడ నొప్పి తెలిపే నరాలు లేవు కనుక, దెబ్బ తగులుతున్నా పిల్లవాడికి తెలియదు. పైగా మేలు జరగడానికి సూర్యుడి వైపు చూడవలసిన పనే లేదు. తరగతి గదిలో వెలుతురు సాధారణంగా 300 నుంచి 500 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటే, పగటిపూట చెట్టు నీడలో సైతం అది వేలల్లో ఉంటుంది. తైవాన్ పాఠశాలల్లో జరిగిన అధ్యయనం (2018) ప్రకారం 1000 లక్స్ దాటిన వెలుతురులో తగినంతసేపు గడిపినా ప్రయోజనం కనిపించింది. కాబట్టి వేసవిలో పిల్లల్ని మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టనక్కరలేదు. టోపీ పెట్టుకుని వేపచెట్టు కింద ఆడుకున్నా చాలు.

విటమిన్ డి మాటకూ ఆధారం లేదు. జన్యుపరమైన అధ్యయనాల్లో దానికీ హ్రస్వదృష్టికీ కార్యకారణ సంబంధం కనిపించలేదు. ప్రకాశవంతమైన వెలుతురులో రెటీనా నుంచి డోపమైన్ అనే రసాయనం ఎక్కువగా విడుదలై, కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందన్నది శాస్త్రజ్ఞులు ఎక్కువగా అంగీకరించే వివరణ. కోడిపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో డోపమైన్ పనిని అడ్డుకునే మందు ఇస్తే, వెలుతురు ఇచ్చే రక్షణ కూడా పోయింది.

ఇక పవర్ పోతుందన్న ఆశ. హ్రస్వదృష్టి ఉన్న కన్ను సాధారణంగా ముందునుంచి వెనక్కి పొడవు పెరిగి ఉంటుంది. ఒక్క మిల్లీమీటరు పెరిగితే పవర్‌లో దాదాపు రెండున్నర డయాప్టర్ల (కళ్లద్దాల పవర్‌ను కొలిచే ప్రమాణం) తేడా వస్తుంది. అలా సాగిన కన్ను నీరెండకు కుదించుకుపోదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడులను తీసుకుని, వాటిలో కొన్నింట ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాల ఆరుబయటి పిరియడు అదనంగా చేర్చి మూడేళ్లు గమనించారు. 2015లో వెలువడిన ఫలితాల్లో, బయట గడిపిన పిల్లల్లో 30.4 శాతం మందికి, మిగతావారిలో 39.5 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది. ఈ తేడా సైటు రాకుండా చూడటంలోనిది. వచ్చినదాన్ని తీసివేయడంలోనిది కాదు. కళ్లజోడు తీసేయించడం వల్ల మాత్రం నష్టమే: పిల్లవాడు కళ్లు చికిలించి బోర్డు చూసి, అక్షరం అందక పక్కవాడి నోట్సులోంచి ఎక్కించుకుంటాడు. కావాలని తక్కువ పవర్ అద్దాలిచ్చి మలేషియాలో చేసిన పరీక్షలో (2002) సైటు మరింత వేగంగా పెరిగింది.

ఫోను ఒక్కటే దోషి అన్న మాట తల్లిదండ్రులకు నచ్చేదే గాని, లెక్కకు నిలవదు. స్మార్ట్‌ఫోన్లు ఇంటింటికీ చేరకముందే, 2008లో ప్రచురితమైన ఒక పరిశీలన సిడ్నీలోనూ సింగపూర్‌లోనూ ఉన్న చైనా సంతతి పిల్లల్ని, ఆరేడేళ్లవారిని, పోల్చింది. హ్రస్వదృష్టి సిడ్నీలో 3.3 శాతం, సింగపూర్‌లో 29.1 శాతం. సిడ్నీ పిల్లలు పుస్తకాలు తక్కువ చదివారా అంటే, ఎక్కువే చదివారు. కాని వారానికి సుమారు పద్నాలుగు గంటలు ఆరుబయట ఉన్నారు, సింగపూర్ పిల్లలు మూడు గంటలే. దగ్గరగా పెట్టుకుని గంటల తరబడి చూసే ఫోను మంచిదని దీని అర్థం కాదు. అయితే గేమ్స్ పిరియడును లెక్కల టీచరుకు అప్పగించే బడి, బడి వదలగానే ట్యూషన్‌లో కూర్చోబెట్టే ఇల్లు కూడా పిల్లవాడికి దక్కవలసిన ఆ వెలుతురును ఫోనుతో సమానంగా హరిస్తున్నాయి.