ఒక్క లైనుకి శాలువా కప్పుదాం రండి

ఈ మధ్య హైదరాబాద్‌లో ఎవడైనా వీఎంకి (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌కి) గ్రాఫిక్స్ కార్డు పాస్‌త్రూ చేస్తుంటే, అంటే అసలు కార్డునే నేరుగా దాని చేతికిస్తుంటే, ఎర్రర్ వచ్చిందని నోరు తెరిస్తే చాలు, మాట పూర్తవకముందే పక్క సీట్లోంచి మందు చీటీ వచ్చేస్తుంది. "అన్నా, ఎలౌ అన్‌సేఫ్ ఇంటరప్ట్స్ ఈక్వల్స్ వన్ పెట్టు, లైట్ తీస్కో." అదేమో లైనక్స్ కెర్నల్‌ని ఒక భద్రతా తనిఖీ వదిలెయ్యమని చెప్పే ఒక్క లైను పారామీటర్. చిప్‌సెట్ ఏదని అడగడు, డీమెసెజ్ (కెర్నల్ రాసే లాగ్) చూశావా అని అడగడు, రోగి మొహం కూడా చూడకుండా రాసిచ్చేస్తాడు.

ఇంత సేవ చేసిన పారామీటర్‌కి ఇప్పటిదాకా ఒక్క శాలువా కప్పకపోవడం మన ఊరికే సిగ్గుచేటు. అందుకే రవీంద్రభారతిలో సన్మాన సభ పెట్టాలని నా ప్రతిపాదన. కార్డులో ఆరింటికి అని వేసి ఏడున్నరకి మొదలెడదాం. వేదిక మధ్యలో ఎర్ర ముఖమల్ కుర్చీ, అందులో లామినేషన్ చేయించిన కాన్ఫ్ ఫైలు, జ్యోతి ప్రజ్వలనకి ఎవరో ఒక క్లౌడ్ ఆర్కిటెక్ట్ గారు. సన్మాన పత్రం చదువుతారు: "తమరి రాకకు ముందు ఆపరేషన్ నాట్ పర్మిటెడ్ అని మొరాయించిన, వీఎంలు నడిపే క్యూఎమూలు, తమరి రాకతో కిమ్మనకుండా బూటైనవి." చప్పట్లు. మొదటి వక్త రెండు ముక్కల్లో ముగిస్తానని ముప్పావుగంట లాగుతాడు, కార్డు ఇంటరప్ట్ (సీపీయూకి "ఇటు చూడు" అనే పిలుపు) కొడితే హోస్టులో, అంటే అసలు మెషిన్‌లో, కార్డుల్ని వీఎంలకి అప్పజెప్పే వీఎఫ్ఐఓ అనే కెర్నల్ భాగం పట్టుకుని ఈవెంట్‌ఎఫ్‌డీ అనే కబురుపెట్టెలో వేస్తుందని, వీఎంలు నడిపే కెర్నల్ భాగం కేవీఎం దాన్ని గెస్టుకి, అంటే వీఎంకి, అందిస్తుందని చేతులు ఊపుతూ చెప్పి, అసలు ఆ కొట్టింది ఎవరో చెక్ చేసేదెవరు అనే చోట మాత్రం మంచినీళ్లు తాగుతాడు. వెనక వరసలో ఒక పెద్దాయన లేచి "మరి ఇంటరప్ట్ రీమ్యాపింగ్ సంగతేంటి బాబూ" అంటాడు. వాలంటీర్లు వచ్చి "అంకుల్, టిఫిన్లు కింద" అని ఆయన్ని మర్యాదగా మెట్ల దాకా దింపేస్తారు. తర్వాత గ్రూప్ ఫోటో.

ఆ అంకుల్ అడిగిందే అసలు విషయం. ఇలాంటి కార్డులు కొట్టే ఎంఎస్ఐ రకం ఇంటరప్ట్ అంటే వేరే తీగేం కాదు, కార్డు మెమరీలోకి చేసే ఒక రాత అంతే. ఇంటెల్, ఏఎండీ మెషిన్లలో ఎఫ్ఈఈతో మొదలయ్యే అడ్రస్‌కి రాస్తుంది, ఏ సీపీయూకి ఏ వెక్టర్ (ఇంటరప్ట్ నంబర్) కొట్టాలో ఆ రాతలోనే ఉంటుంది. కార్డు గెస్టు చేతికిచ్చాక గెస్టులో కూర్చున్నవాడు డీఎంఏతో (సీపీయూ ప్రమేయం లేకుండా కార్డే నేరుగా మెమరీలో రాసే పద్ధతితో) అక్కడే తనకి నచ్చింది రాయించొచ్చు, హోస్ట్ సీపీయూ దాన్ని నిజమే అనుకుంటుంది. రీమ్యాపింగ్ ఉంటే ఆ రాత హోస్టు టేబుల్లో ఒక వరస నంబర్‌గా మారిపోతుంది, పంపింది ఎవరో ఐడీ చూసి తేడా ఉంటే అక్కడే ఆపేస్తుంది. ఇది లేకపోతే వీఎంలన్నిటినీ నడిపే హైపర్‌వైజర్ మీదకే ఎక్కొచ్చని 2011లోనే సెక్యూరిటీ పరిశోధకులు రఫాల్ వోయ్చుక్, జోఆనా రుట్కోవ్‌స్కా చేసి చూపించారు. 2012లో లైనక్స్ 3.6తో వచ్చిన వీఎఫ్ఐఓ రీమ్యాపింగ్ లేని మెషిన్‌లో పని చెయ్యనని మొండికేసేది అందుకే. సరదాకి కాదు!

ఇంట్లో మీ పీసీ, మీ విండోస్ వీఎం, మీ గేములు అయితే పెట్టుకోండి, ఎవరొద్దన్నారు. ఆ పారామీటర్ ఉన్నదే గెస్టుని నమ్మేవాళ్ల కోసం. నాకు మండేది ఇంకో చోట. సెకండ్ హ్యాండ్‌లో పాత ఇంటెల్ 5520 చిప్‌సెట్ సర్వర్లు కిలోల లెక్కన కొనుక్కొచ్చి, వాటిల్లో కొన్ని రివిజన్లలో రీమ్యాపింగే బగ్గుతో ఉందని కెర్నల్ మొత్తుకుంటుంటే ఆ లాగ్ చదవకుండా, ఈ ఒక్క లైను పెట్టి, కార్డు తగిలించిన వీఎంలు ముక్కూమొహం తెలియనివాళ్లకి నెల అద్దెకిస్తున్నారు చూడండి, వాళ్ల మీద. "పని చేస్తోందిగా సార్" అంటాడు ఒకడు నాతో, నవ్వుతూ. పని చెయ్యకేం, ఆపేవాణ్ణి నువ్వే పీకేశావు కదరా! అదే బాక్సులో పక్క వీఎం ఒక కుర్రాడి ఫైనలియర్ ప్రాజెక్టు, ఇంకోటి ఎవరిదో చిన్న క్లినిక్ బిల్లింగు, వాళ్లకి ఈ సంగతి ఒక్క ముక్క చెప్పావా? డబ్బు తీసుకునేటప్పుడు డెడికేటెడ్, సెక్యూర్ అని బ్యానర్ మీద ఇంతింత అక్షరాలు వేయించావే, దాని పక్కనే ఈ లైను కూడా వేయించు, చూద్దాం ఎంతమంది వస్తారో.

అద్దెకి తీసుకున్నవాళ్లు ఒక పని చెయ్యండి. ఇంటెల్ మెషిన్ అయితే హోస్టు డీమెసెజ్‌లో "డీఎంఏఆర్-ఐఆర్: ఎనేబుల్డ్ ఐఆర్‌క్యూ రీమ్యాపింగ్" అన్న లైను స్క్రీన్‌షాట్ తీసి పంపమనండి. రేపు పంపిస్తా సార్ అన్నాడంటే ముందు డేటా కాపీ తీసుకోండి, తర్వాత డిపాజిట్ వెనక్కి అడగండి.