ఫార్మాట్ చేయమని అడిగితే వద్దనాలని ముందే ఎందుకు చెప్పరు?

నిన్న రాత్రి 11 గంటలకు మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. ఏడుపు ఆపుకుంటోందని గొంతు వింటేనే తెలిసిపోతోంది. "బాబాయ్, ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల కీ అడుగుతోంది. నా దగ్గర అలాంటిదేమీ లేదు. ప్రాజెక్టంతా అందులోనే ఉంది" అంది. పెన్‌డ్రైవ్‌లోకి లైనక్స్ (విండోస్ బదులు వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించుకుందామని సాయంత్రం 5కి కూర్చున్న పిల్ల అది. రాత్రి 11 అయ్యేసరికి ఉన్న విండోస్ కూడా తెరుచుకోకుండా పోయింది. నాకు ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే రాస్తున్నాను.

తన ల్యాప్‌టాప్ పాతది, విండోస్ 11కి పనికిరాదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. చక్కగా నడుస్తున్న మెషీన్‌ని మూలన పడేయడం ఎందుకని లైనక్స్ వైపు చూసింది. నేను ఎంత సంతోషించానో. ఐఎస్‌ఓ (లైనక్స్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది) దించుకుంది, దాన్ని పెన్‌డ్రైవ్ మీద రైట్ చేసే టూల్ దించుకుంది, పెన్‌డ్రైవ్ పెట్టి మొదలుపెట్టింది. చివర్లో పచ్చ టిక్కు వచ్చింది, పూర్తయింది అని రాసి ఉంది. సరిగ్గా అప్పుడే విండోస్ ఒక చిన్న విండో తెరిచింది: ఈ డిస్క్‌ని వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?

అవునంది. ఎవరైనా అవుననే అంటారు. కంప్యూటరే స్వయంగా అడుగుతుంటే కొత్తవాళ్లు ఎందుకు వద్దంటారు? ఇంకో విండో వచ్చింది, దానికీ అవునంది. అంతే, అప్పటిదాకా రాసిందంతా రెండు క్లిక్కుల్లో తుడిచిపెట్టుకుపోయింది. ఆ తర్వాత ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి బూట్ మెనూలో పెన్‌డ్రైవ్‌ని ఎంచుకుంటే తిన్నగా విండోస్‌లోకే వెళ్తోంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. మళ్లీ రైట్ చేసింది, మళ్లీ ఫార్మాట్ అడిగింది, మళ్లీ అవునంది. ఇలా మూడుసార్లు.

ఆ పెన్‌డ్రైవ్‌కి ఏ రోగమూ లేదు. లైనక్స్ ఐఎస్‌ఓని ఉన్నదున్నట్టు రైట్ చేస్తే పెన్‌డ్రైవ్ మీద పార్టిషన్ల (డిస్క్‌ని విడగొట్టిన భాగాల) తీరే మారిపోతుంది. వాటిలో విండోస్‌కి చదవడం రానివి ఉంటాయి. తనకు చదవడం రాకపోతే డిస్కే బాగాలేదనుకుని ఫార్మాట్ చేయనా అని అడుగుతుంది. జరిగేది ఇంతే. పచ్చ టిక్కు చూపించే చోట "ఇప్పుడు విండోస్ ఫార్మాట్ చేయమని అడగొచ్చు, వద్దనండి" అని ఒక్క ముక్క రాయడానికి ఏం కష్టం? నేర్పించే వీడియోల్లో కూడా అంతే. ఆ విండో వాళ్లకీ వస్తుంది. చటుక్కున మూసేసి ముందుకెళ్లిపోతారు. చూసేవాళ్లకు అక్కడ ఒకటి వచ్చిందనే తెలియదు.

దీనికి వెనక వైపు కథ ఇంకోటి ఉంది. లైనక్స్ ఎక్కించుకున్నాక అదే పెన్‌డ్రైవ్‌ని విండోస్‌లో పెడితే 32 జీబీ కాస్తా కొన్ని ఎంబీలే చూపిస్తుంది. పెన్‌డ్రైవ్ చచ్చిపోయిందని పారేసినవాళ్లు నాకే ఇద్దరు తెలుసు. అది చావలేదు. విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే టూల్ తెరిచి, సైజు చూసి సరైన డిస్క్‌ని ఎంచుకుని, క్లీన్ అనే కమాండ్ కొట్టి, కొత్త పార్టిషన్ చేసుకుంటే మొత్తం జాగా తిరిగొస్తుంది. ఎంచుకునేటప్పుడు మాత్రం రెండుసార్లు చూసుకోండి, అది అడగకుండానే తుడిచేస్తుంది.

సరే, ఆ 48 అంకెల దగ్గరికి వస్తాను. నా అసలు కోపం అక్కడే ఉంది.

మూడుసార్లు విఫలమయ్యాక తను కాలేజీలో బాగా తెలిసినవాడని పేరున్న ఒక సీనియర్‌ని అడిగింది. అతను ఏం కనిపిస్తోందని అడగలేదు. ఏ టూల్ వాడావని అడగలేదు. "సెక్యూర్ బూట్ ఆపెయ్" అన్నాడు. ఒక్క మాట. మెషీన్ లేచేటప్పుడు నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌నే రానిచ్చే కాపలా అది. జ్వరమో, కాలు బెణికిందో కూడా అడగకుండా అందరికీ ఒకటే మాత్ర ఇచ్చే వైద్యం ఇది. ఎన్నేళ్లుగా వింటున్నాను ఈ మాట! పెన్‌డ్రైవ్ బూట్ అవ్వట్లేదంటే సెక్యూర్ బూట్ ఆపెయ్, స్క్రీన్ నల్లగా ఉందంటే సెక్యూర్ బూట్ ఆపెయ్, వైఫై రావట్లేదన్నా అదే.

తను ఆపేసింది. ఆ ల్యాప్‌టాప్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా చదవలేనట్టు డేటాకి వేసే తాళం) ఆన్‌లో ఉందని తనకు తెలియదు. కొనేటప్పుడే ఆన్ అయి వచ్చింది, ఎవరూ చెప్పలేదు. సెక్యూర్ బూట్ మారితే ఎవరో మెషీన్‌ని కెలుకుతున్నారని విండోస్‌లో ఆ తాళం వేసే బిట్‌లాకర్ అనుకుంటుంది, 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది దాని పని, దాన్ని నేను తప్పుపట్టను. ముందు ఆ కీ ఎక్కడుందో చూసుకో, రాసిపెట్టుకో, ఆ తర్వాతే బయోస్ (విండోస్ కంటే ముందు తెరుచుకునే మెషీన్ సెట్టింగ్‌లు) ముట్టుకో అని చెప్పకుండా సలహా పడేసి వెళ్లినవాడిని తప్పుపడతాను. ఫోన్‌లోనే ఒక్కో మెట్టూ చెప్పి సెక్యూర్ బూట్ తిరిగి ఆన్ చేయించాను, విండోస్ తెరుచుకుంది. ఆ తర్వాత తన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి కీ వెతికించి కాగితం మీద రాయించాను. అప్పటికి అర్ధరాత్రి దాటింది.

సెక్యూర్ బూట్ వల్ల సమస్య రాదని నేను అనను. వస్తే అది నోరు తెరిచి చెబుతుంది. వెరిఫికేషన్ ఫెయిల్డ్ అనో, సెక్యూరిటీ వయొలేషన్ అనో స్క్రీన్ మీద కనిపిస్తుంది. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత ఎంతోమందికి విండోస్, లైనక్స్ రెండూ ఉన్న డ్యూయల్ బూట్ మెషీన్లలో లైనక్స్ ఆగిపోయింది గుర్తుందా? ఎస్‌బ్యాట్ సెల్ఫ్ చెక్ ఫెయిల్డ్ అని వచ్చేది. లైనక్స్‌ని లేపే గ్రబ్ అనే బూట్‌లోడర్‌లో ఉన్న ఒక పాత లోపాన్ని మూయడానికి వేసిన అప్‌డేట్, పాత బూట్‌లోడర్లను రానివ్వడం మానేసింది. ఎప్పుడో రైట్ చేసి దాచుకున్న పెన్‌డ్రైవ్‌లు కూడా కొన్ని అలాగే పనికిరాకుండా పోయాయి. దానికి మందు కొత్త ఐఎస్‌ఓ దించుకోవడం. ఎర్రర్‌లో ఏం రాసి ఉందో చదివితేనే అది తెలిసేది.

ఎర్రర్లు రాసేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. కొన్ని ఎర్రర్లు ఉన్న జబ్బు చెప్పవు, లేని జబ్బు చెబుతాయి. లైవ్ ఫైల్ సిస్టమ్ ఉన్న మీడియం దొరకలేదు అంటుంది ఒకటి. అరె, ఆ మీడియం మీద నుంచే కదా నువ్వు ఇంతదాకా వచ్చావు! చాలాసార్లు అది రైట్ సరిగ్గా జరగకపోవడమో, యూఎస్‌బీ పోర్ట్‌తో పడకపోవడమో అయి ఉంటుంది. తీసి ఇంకో పోర్ట్‌లో, వీలైతే యూఎస్‌బీ 2 పోర్ట్‌లో పెడితే నడిచిన సందర్భాలు నేను కళ్లారా చూశాను. ఇంకోటి, ఫలానా లేబుల్ ఉన్న డిస్క్ లేదు అని చెప్పి డ్రాకట్ షెల్ అనే కమాండ్ స్క్రీన్‌లో వదిలేస్తుంది. అక్కడ సంగతి వేరు. కొన్ని టూల్స్ ఐఎస్‌ఓని ఉన్నదున్నట్టు రాయకుండా, ఫైళ్లు విప్పి ఫ్యాట్ 32 అనే ఫైల్ సిస్టమ్‌లో పోస్తాయి. ఐఎస్‌ఓ లేబుల్ 32 అక్షరాల దాకా ఉండొచ్చు, ఫ్యాట్ 32లో 11 అక్షరాలే పడతాయి. పేరు తెగిపోతుంది. లోపలున్న లైనక్స్ పూర్తి పేరుతో వెతుక్కుంటుంది, దొరకదు. పెన్‌డ్రైవ్ మార్చినా, ల్యాప్‌టాప్ మార్చినా ఆ ఎర్రర్ పోదు. రూఫస్ అనే రైట్ చేసే టూల్‌లో, ఐఎస్‌ఓని ఉన్నదున్నట్టు రాసే డీడీ మోడ్ ఎంచుకుని రాస్తే పోతుంది.

డౌన్‌లోడ్ సరిగ్గా దిగిందో లేదో షా256తో (ఫైల్ ఏమాత్రం మారినా మారిపోయే గుర్తుతో) సరిచూసుకోండి, ఒక్క నిమిషం పని. పెన్‌డ్రైవ్ మీద రాసిన సైజును కూడా నమ్మకండి. 64 జీబీ అని రాసి లోపల 8 జీబీ పెట్టి అమ్మే నకిలీలు ఉన్నాయి, ఎఫ్3 అనే టూల్‌తో బయటపడతాయి. ఐఎస్‌ఓ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో కాపీ పేస్ట్ చేస్తే బూట్ అవ్వదు, ఐఎస్‌ఓ ఫైళ్లను నేరుగా బూట్ చేయించే వెన్‌టాయ్ అనే టూల్ వేసిన పెన్‌డ్రైవ్ అయితే తప్ప. ఇది తెలియక ఆగిపోయినవాళ్లని చూసి నవ్వేవాళ్లంటే నాకు అసహ్యం. ఐఎస్‌ఓ అసలు సీడీల కోసం పుట్టిన పద్ధతి. దాని మొదటి 32 కేబీ ఖాళీగా వదిలేసి ఉంటుంది, ఆ ఖాళీలో బూట్ కోడ్ ఇరికించడం వల్లే ఇవాళ అదే ఫైల్ పెన్‌డ్రైవ్ మీద కూడా లేస్తోంది. ఇది పుట్టుకతో ఎవరికి తెలుస్తుంది? నవ్వేవాడికి మాత్రం ఎవరో ఒకరు చెబితేనే కదా తెలిసింది?

నవ్వేవాళ్లు అంటే గుర్తొస్తోంది. ఇది ఎనిమిదేళ్ల నాటి మాట, ఇప్పటికీ నాలో చల్లారలేదు. నా స్నేహితుడొకడు ఇలాగే బూటబుల్ పెన్‌డ్రైవ్ చేసుకుందామని తెలిసినాయన్ని అడిగాడు. ఆయన ఒక్క లైను కమాండ్ పంపాడు. సూడో (అడ్మిన్ హక్కుతో నడపడానికి), డీడీ (డిస్క్ మీద నేరుగా రాసే కమాండ్), చివర్లో ఎస్‌డీబీ (రాయాల్సిన డ్రైవ్ పేరు). ఇది టెర్మినల్‌లో పేస్ట్ చేసి ఎంటర్ కొట్టు, అయిపోతుంది అన్నాడు. ఆయన మెషీన్‌లో ఎస్‌డీబీ అంటే పెన్‌డ్రైవ్. నా స్నేహితుడి మెషీన్‌లో ఎస్‌డీబీ అంటే రెండో హార్డ్ డిస్క్, వాళ్ల పాప పుట్టినప్పటి నుంచి తీసిన ఫొటోలన్నీ ఉన్న డిస్క్. డీడీ ఏమీ అడగదు. ఖాయమేనా అనదు. ఎక్కడ రాయమంటే అక్కడ రాసేస్తుంది. మొదటి రెండు జీబీలు, దాంతోపాటు పార్టిషన్ టేబుల్, అన్నీ పోయాయి. పోయిన ఫైళ్లు వెతికి తీసే ఫొటోరెక్ అనే టూల్‌తో నేను మూడు రాత్రులు కూర్చుని తీశాను. కొన్ని వచ్చాయి. ఫైల్ పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు, ఏది ఏ రోజుదో తెలియని బొమ్మల కుప్ప. ఆ కమాండ్ పంపినాయన ఏమన్నాడో తెలుసా? "చూసుకోవాలి కదా" అన్నాడు.

చూసుకోవాలని ముందు చెప్పాలి కదా! ముందు డ్రైవ్‌ల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టు, సైజు చూడు, పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ కొట్టు, ఏ పేరు మాయమైందో అదే నీ పెన్‌డ్రైవ్ అని చెప్పడానికి ఎన్ని మాటలు కావాలి? ఎస్‌డీబీ1 అంటే పార్టిషన్, ఎస్‌డీబీ అంటే మొత్తం డ్రైవ్, రాయాల్సింది మొత్తం డ్రైవ్ మీద అని చెప్పడానికి? డీడీ అయిపోయిందని చెప్పినా డేటా ఇంకా మెమరీలోనే ఉండొచ్చు, సింక్ (మెమరీలో మిగిలింది డ్రైవ్ మీదికి రాయడం) పూర్తయ్యేదాకా పెన్‌డ్రైవ్ లాగొద్దు అని చెప్పడానికి? ఇవి చెప్పకుండా "ఐదు నిమిషాల పని" అంటారు. ఆ మాట విన్నవాడు ఆరో నిమిషంలో తనకే తెలివి లేదనుకుంటాడు. నా స్నేహితుడు ఆ తర్వాత లైనక్స్ ముట్టుకోలేదు.

నిన్న రాత్రి ఫోన్ పెట్టేసే ముందు మా పిల్ల కూడా అదే అంది. "నాకు రాదులే బాబాయ్, వదిలెయ్." ఒక్కతే కూర్చుని ఐఎస్‌ఓ దించి, మూడుసార్లు రైట్ చేసి, బయోస్ దాకా వెళ్లొచ్చిన పిల్ల అంటున్న మాట ఇది. తను చేసిన పనిలో ఒక్క తప్పు లేదు. కంప్యూటర్ అడిగినదానికి అవునంది, పెద్దవాడు చెప్పింది నమ్మింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు.

ఈ సాయంత్రం మళ్లీ కూర్చుంటున్నాం, నేను ఫోన్‌లో ఉంటాను. సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంచుతాం, రికవరీ కీ కాగితం పక్కన పెట్టుకుంటాం, ప్రాజెక్ట్ ఫైళ్లు ఇంకో డ్రైవ్‌లోకి పొద్దున్నే కాపీ చేయించాను. రైట్ అయ్యాక రెండు విండోలు వస్తాయి, రెండిటికీ క్యాన్సిల్ నొక్కు అని ఇందాకే మెసేజ్ పెట్టాను. "రెండూనా?" అని అడిగింది. రెండూ.