"మార్చి దాటితే మంచు కొండలు సేఫ్" అనే మెసేజ్ నమ్మకండి

హిమాలయ ట్రెక్‌లకి వెళ్ళే మన గ్రూపుల్లో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది: "మార్చి దాటితే మంచు చరియల భయం ఉండదు, ఎండకి మంచు గట్టిపడుతుంది, అరవకుండా నడిస్తే చాలు, ముందు వెళ్ళినవాళ్ల అడుగుల్లో వెళ్తే ఏమీ కాదు." నాలుగూ తప్పే. నమ్మి వెళ్తే ప్రాణం పోతుంది.

మార్చి దాటితే భయం లేదా? 2023 ఏప్రిల్ 4న సిక్కింలో, గాంగ్‌టక్ నుంచి నాథులా వెళ్ళే రోడ్డు దగ్గర మంచు చరియ విరిగిపడి ఏడుగురు టూరిస్టులు చనిపోయారు. అదీ మధ్యాహ్నం వేళ.

ఇక ఎండ మాట, అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మంచుని గట్టిపరిచేది రాత్రి చలి, ఎండ కాదు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి పైపొర గడ్డకడుతుంది, తెల్లవారుజామున దాని మీద నడవొచ్చు. ఎండెక్కేకొద్దీ పైన కరిగిన నీళ్ళు లోపలికి దిగి పొరల మధ్య పట్టు వదిలిపోతుంది, అప్పుడు ఏటవాలు మొత్తం జారిపోవచ్చు. రాత్రంతా మబ్బు పట్టి ఉంటే మంచు సరిగ్గా గడ్డకట్టదు కాబట్టి ఆ రోజు పొద్దున్నే బయల్దేరినా లాభం లేదు. కాలు చీలమండ దాటి దిగబడుతున్నా, పైనుంచి చిన్న చిన్న మంచు ఉండలు దొర్లుతున్నా వెంటనే వెనక్కి వచ్చేయండి, ఫోటోలు తర్వాత!

అరుపులకి చరియలు కదలవు, అది సినిమాల్లోనే. కదిలించేది మనిషి బరువు. ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో ఎక్కువసార్లు ఆ చరియని కదిలించింది అందులో చిక్కుకున్నవాళ్ళో, వాళ్ళ తోటివాళ్ళో.

అడుగుజాడలంటారా, పొద్దున ఆరింటికి పడిన అడుగులు మధ్యాహ్నం మంచు ఎలా ఉందో చెప్పవు. 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉన్నచోటే చరియలు ఎక్కువగా పుడతాయి, దాని కింద చదునుగా ఉన్న చోట టెంట్ వేసుకున్నా ప్రమాదమే. అలాంటి వాలు దాటక తప్పకపోతే ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్ళు పక్కన క్షేమంగా ఉన్న చోట నిలబడి చూస్తుండాలి.

మంచులో కూరుకుపోయిన మనిషిని మొదటి పది, పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తేనే బతికే అవకాశం ఎక్కువ. అంతలో హెలికాప్టర్ రాదు, తీయాల్సింది పక్కనున్నవాళ్ళే. అందుకే డబ్బు కట్టేముందు ట్రెక్ కంపెనీని అడగండి: మనిషికో బీకన్ (మంచు కింద ఎక్కడున్నామో సిగ్నల్‌తో చూపే పరికరం), ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఇస్తారా, వాడటం నేర్పిస్తారా, బయల్దేరేముందు డీజీఆర్ఈ (డీఆర్‌డీవో కింద పనిచేసే పరిశోధన సంస్థ) ఇచ్చే మంచు చరియల హెచ్చరిక చూస్తారా అని. సరైన జవాబు రాకపోతే ఆ ట్రెక్ మానుకోండి.