తల ఊపే బ్రేకు పెడల్ గారికి

మహారాజశ్రీ అంబాసిడర్ బ్రేకు పెడల్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మన ఉత్తరాల ఆచారమే గాని, తమరి కుశలం ఏపాటిదో మొన్న మా ప్రహరీ గోడను బంపరుకు జానెడు దూరంలో చూసినప్పుడే బోధపడింది కనుక, ఆ మాట దాటవేసి నేరుగా విషయానికి వస్తున్నాను.

మా నాన్నగారు 1986లో కొన్న ఈ మార్క్ 4 బండి, 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ ఆగిపోయిన ఏడాదే, సంతాపం పాటిస్తున్నట్టుగా కాకినాడలోని మా రేకుల షెడ్డులో చేరి పదకొండేళ్లు అక్కడే నిలబడిపోయింది. బయటికి తీసిన నాటి నుంచి తమరు మొదట కదలనన్నారు, తరువాత ఆగనన్నారు, ఆపైన వదలనన్నారు.

కదలకపోవడంలో తమరి తప్పు లేదని ఒప్పుకుంటాను. హ్యాండ్ బ్రేకు తమరి శాఖ కాదు, పైగా షెడ్డులో పెట్టిన రోజున దాన్ని కడదాకా లాగి ఇంటికి వెళ్లిన మహానుభావుణ్ణి నేనే. పదకొండు వర్షాకాలాల తుప్పుతో వెనుక చక్రాలను ఆపే బ్రేకు షూలు తాము ఒరుసుకునే డ్రమ్ములను కరుచుకుపోయాయి. మెకానిక్ గారు షూల సందు సరిచేసే అడ్జస్టర్లు వదులు చేసి, డ్రమ్ము చుట్టూ చెక్క సుత్తితో అరగంట తట్టాక గాని అవి టక్కుమని విడిపోలేదు. షూల మీద అంటించే ఆ కాలపు లైనర్లలో ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక లోపలి దుమ్మును గాలితో ఊదనివ్వకుండా తడిగుడ్డతో తుడిపించాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

ఇక ఆగకపోవడం సంగతి. నాలుగు చక్రాల తరఫున మాట్లాడే ఏకైక అధికారి తమరే గాని, ఏ చక్రంలో ఏం జరుగుతోందో తమరు సూటిగా చెప్పిన పాపాన పోలేదు. మొదటిసారి తొక్కితే గంగిరెద్దులా తల ఊపి నేలకు ఆనారు, రెండోసారికి సగంలో ఆగారు, మూడోసారికి మా ఊరి నిజాయితీపరుడిలా బిగుసుకున్నారు. నేను ఆ మూడోసారినే నమ్మి గేటు దాకా నడిపాను. తొక్కగా తొక్కగా పైకి లేచే పెడల్‌కు అర్థం షూలకూ డ్రమ్ముకూ సందు ఎక్కువైందనో, గొట్టాల్లో గాలి చేరిందనో అని, కాలు అదిమి ఉంచినప్పుడు నెమ్మదిగా కుంగిపోతే, తమరి తొక్కుడుకు ద్రవాన్ని గొట్టాల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు అరిగాయని, రాయిలా గట్టిగా ఉండి కూడా బండి ఆగకపోతే, చక్రాల దగ్గర షూలను నెట్టే వీల్ సిలిండర్ల పిస్టన్లు తుప్పుతో బిగిశాయనో, లైనర్లు నున్నబడ్డాయనో అనుకోవాలని మెకానిక్ గారు ఆ తరువాత చెప్పారు. తమరి భాషకు ఇంత వ్యాకరణం ఉందని ప్రహరీ గోడ కన్నా ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మాస్టర్ సిలిండర్ డబ్బా మూత తీస్తే లోపల నిలవ కాఫీ డికాక్షన్ రంగులో ఏదో ఉంది. అందరూ బ్రేక్ ఆయిల్ అంటారు కదా అని నేను షెడ్డులో మిగిలిన ఇంజన్ ఆయిల్ డబ్బా అందుకోబోతే మెకానిక్ గారు నా చెయ్యి పట్టుకుని, "బాబూ, అది పోస్తే లోపల రబ్బరన్నదల్లా బూరెలా ఉబ్బిపోతుంది" అన్నారు. పేరుకే ఆయిల్ అయిన ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందులో డాట్ 3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, అదే తేమ పట్టాక 140కి దిగిపోతుంది. సముద్రపు గాలి తగిలే మా ఊళ్లో పదకొండేళ్లు తాగిన ద్రవం ఎంతకు మరుగుతుందో ఆలోచించడానికే భయం వేసింది. లోపల అది మరిగి ఆవిరైతే తమరు మళ్లీ నేలకు ఆనడమే. అందుకని పాతదంతా పారబోసి, కొత్తది పోసి, దూరంగా ఉన్న వెనుక ఎడమ చక్రంతో మొదలుపెట్టి గొట్టాల్లోని గాలి తీశాం. మా అబ్బాయి "తొక్కు", "పట్టు", "వదులు" అనే మూడు మాటల కొలువులో మధ్యాహ్నమంతా గడిపాడు.

మర్నాడు రెండు కిలోమీటర్లు నడిపానో లేదో బండి ఎడమకు లాగింది. దిగి చూస్తే ముందు ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన, చెయ్యి దగ్గరకు పోనివ్వని వేడి. తమరు మాత్రం నా కాలు తీయగానే చక్కగా పైకి లేచి, పని పూర్తయింది అన్నట్టు నిలబడ్డారు. అసలు మోసం ఇక్కడుంది. ఫైలు మీద సంతకం పెట్టి పంపేశామనే కార్యాలయంలో ఫైలు ఎక్కడ ఆగిందో కనిపెట్టాలంటే ఒక్కొక్క బల్లా తిరగవలసిందే. జాకీ మీద లేపిన చక్రం తిరగలేదు. చక్రం దగ్గర గాలి తీసే నిపిల్ కొంచెం వదులు చేయగానే సన్నని ధార చిమ్మి, చక్రం ఒక్కసారిగా వదిలింది. అంటే షూలూ పిస్టన్లూ నిర్దోషులే, పీడనమే లోపల బందీ అయింది. మళ్లీ తొక్కి బిగింపజేసి, ఈసారి రబ్బరు గొట్టానికి పైన ఇనుప పైపు కలిసే నట్టును వదులు చేస్తే చక్రం కదలనే లేదు. అప్పుడే వదిలి ఉంటే మాస్టర్ సిలిండర్‌లో ద్రవం తిరిగి వచ్చే సూదిబెజ్జమంత రంధ్రం పూడిందని అనుమానించేవాళ్లం. వదలలేదు కనుక నేరం ఆ నట్టుకూ నిపిల్‌కూ మధ్యనున్న రబ్బరు గొట్టానిదే.

పైకి చూస్తే ఆ గొట్టం మీద ఒక్క పగులు లేదు. కత్తితో నిలువునా చీల్చి చూస్తే లోపలి రబ్బరు వాచి, దారి వెంట్రుక పట్టేంత మిగిలింది. నేను బలంగా తొక్కితే ద్రవం లోపలికి పోతోంది గాని, తిరిగి రావడానికి దానికి ఆ బలం లేదు.

ముందు రెండో చక్రానికీ వెనుక ఇరుసుకూ ఉన్న మిగతా రెండు గొట్టాలను కూడా మార్పించాను. ఇకపై షెడ్డులో ఉన్నంతకాలం బండి గేరులో ఉంటుంది, చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు ఉంటాయి, హ్యాండ్ బ్రేకు జోలికి ఎవరూ పోరు.

ఇట్లు,
తమరికి నిత్యం పాదసేవ చేయువాడు.

తా.క.: నిన్న సాయంత్రం తమరు మొదటి తొక్కుకే గట్టిగా నిలిచారు. అయినా గేటు దగ్గర అలవాటుగా మూడుసార్లు తొక్కాను, ఏమీ అనుకోకండి.