బాలింతను పాలు చాలుతున్నాయా అని అడగడం ఆపుదాం

ఇక్కడ అమెరికాలో, మన సంఘంలోని నెల్లూరు, ప్రకాశం వాళ్ల ఇళ్లల్లో కాన్పు అయిందంటే ఫోన్లో మొదటి ప్రశ్న బిడ్డ ఎవరి పోలిక అని, రెండోది పాలు పడ్డాయా అని. మూడో రోజుకి అది "పాలు చాలుతున్నాయా" అవుతుంది, వారం తిరిగేసరికి "చాలడం లేదేమోనమ్మా, ఒక డబ్బా తెప్పించరాదా" దాకా వస్తుంది. అడిగేవాళ్లంతా ప్రేమతోనే అడుగుతారు. కానీ కుట్లు ఇంకా ఆరని, సరిగ్గా నిద్ర లేని పిల్లకి అదే మాట పూటపూటా వినబడితే తన ఒంటి మీద తనకే నమ్మకం పోతుంది.

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుప్పచ్చగా, చెంచాడు కూడా లేవనిపిస్తాయి. పుట్టిన రోజున బిడ్డకు ఒక్కో విడతకు కావాల్సింది కూడా ఆ కాస్తే. కాన్పయ్యాక పాలు బాగా దిగడానికి రెండు నుంచి ఐదు రోజులు పట్టొచ్చు, సిజేరియన్ అయినా తల్లికి షుగర్ ఉన్నా ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. ఈలోగా బిడ్డ బరువు కాస్త తగ్గుతుంది. పుట్టిన బరువులో 7 శాతం దాకా తగ్గడం మామూలే, 10 శాతం దగ్గరికొస్తే డాక్టర్ చూడాలి, రెండు వారాలకల్లా మళ్లీ ఆ బరువుకు రావాలి.

అసలు టెన్షన్ అంతా సాయంత్రాలే. ఆరింటి నుంచి పదింటి దాకా బిడ్డ వదలదు. తాగుతుంది, పది నిమిషాలు కునుకుతుంది, మళ్లీ పిడికిలి నోట్లో కుక్కుకుని ముఖం ఎర్రగా చేసుకుని ఏడుస్తుంది. కావలి నుంచి వచ్చిన అత్తగారు పక్కనే కూర్చుని "ఇప్పుడే గదమ్మా తాగింది, నీ పాలు పల్చగా ఉండాయి, అందుకే ఆకలి తీరడంలా" అంటారు. కందుకూరు నుంచి వీడియో కాల్లో అమ్మ "కాస్త గ్రైప్ వాటర్ పట్టి చూడండి" అంటుంది. వాళ్లాయన కారు తాళాలు తీసుకుని డబ్బా కోసం బయల్దేరతాడు. ఆ నాలుగు గంటలు ఓపిక పట్టి ఉంటే సరిపోయేది, ఎందుకంటే మొదటి వారాల్లో సాయంత్రాలు అలా విడవకుండా తాగడం పసిబిడ్డల సహజం. పెన్నలో చెలమ తోడేకొద్దీ ఊరినట్టు బిడ్డ తాగేకొద్దీ పాలు ఊరతాయి. డబ్బా పాలు తాగి పడుకున్న బిడ్డ ఆ పూట రొమ్ము తాగదు, తాగకపోతే ఊరడం తగ్గుతుంది, అప్పుడు నిజంగానే చాలకుండా పోతాయి.

మరి చాలుతున్నాయని ఎట్లా తెలుసుకోవాలి? డైపర్ చూడండి. ఐదో రోజు దాటాక రోజుకు ఆరు, అంతకంటే ఎక్కువ తడి డైపర్లు, పసుపు రంగు విరేచనం, తాగేటప్పుడు మింగుతున్న చప్పుడు, పెరుగుతున్న బరువు ఉంటే చాలుతున్నట్టే. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగడం మామూలే. రొమ్ములు మెత్తబడ్డాయనీ, పాలు తీసే పంపులో ఒక్క ఔన్సే వచ్చిందనీ దిగులు పడొద్దు, పంపు లాగేదానికీ బిడ్డ తాగేదానికీ పోలిక లేదు.

నొప్పిని మాత్రం "అలవాటవుతుందిలే" అని భరించకండి. చనుమొన పగిలి రక్తం వస్తోందంటే చాలాసార్లు బిడ్డ పట్టు సరిగ్గా లేదని అర్థం. బిడ్డ నోరు ఆవులించినంత పెద్దగా తెరిచాక దగ్గరికి తీసుకోవాలి, మొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోవాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి. ఇక్కడ ఇది నేర్పడానికి లాక్టేషన్ కన్సల్టెంట్లు ఉన్నారు, చాలా ఇన్సూరెన్సులు పంపుతో పాటు ఈ సాయానికీ డబ్బు కడతాయి. మొహమాటం లేకుండా అడగండి.

ఇక పత్యం. బాలింతకు నీళ్లు తక్కువిచ్చే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లల్లో ఉంది, అది మానాల్సిందే, దాహం వేసినంతా తాగనివ్వండి. పాలసొర వండిపెడితే పాలు పడతాయని మన తీరం ఊళ్లల్లో గట్టి నమ్మకం. కానీ సొరచేపలో పాదరసం ఎక్కువ, పాలిచ్చే తల్లులు తినొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. రొయ్యలు వండిపెట్టండి, హాయిగా తింటుంది. బిడ్డకు ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఆరు నెలల దాకా నీళ్లూ అక్కర్లేదు, రోహిణి కార్తెలో ఒంగోలులో ఉన్నా సరే, తల్లిపాలలో ముప్పాతిక భాగం పైగా నీళ్లే. డాక్టర్ చెప్పే విటమిన్ డి చుక్కలు మాత్రం మరిచిపోవద్దు.

డబ్బా పాలంటే నాకు కోపం లేదు. బిడ్డ మగతగా ఉండి తాగడానికి లేవకపోయినా, తడి డైపర్లు తగ్గినా, కామెర్లు పెరుగుతున్నా ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయాలి, ఆయన కలపమంటే కలపాలి. కొందరు తల్లులకు ఎంత ప్రయత్నించినా పాలు చాలవు. ఆ తల్లిని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు, సంఘం పిక్నిక్కుల్లో బాటిల్ కనబడగానే "ఏమ్మా, నీ పాలు ఇవ్వడం లేదా" అని అడిగే పెద్దమ్మలకు కూడా.

ఆరు నెలల వీసా మీద పురుడు పోయడానికి ఊరి నుంచి వచ్చే అమ్మలు, అత్తమ్మలు మనకు పెద్ద బలం. వాళ్లు వంట, బట్టలు చూసుకుని, తాగిన బిడ్డకు త్రేన్పు తీయించి, తల్లిని రెండు గంటలు పడుకోనిస్తే అంతకు మించిన సాయం లేదు. అందుకే మన సంఘానికి నా సూచన ఒకటే. కాన్పుకు రెండు నెలల ముందు దంపతులనూ, ఊళ్లో ఉన్న ఇద్దరు అమ్మమ్మ నానమ్మలనూ కలిపి ఆన్‌లైన్లో ఒక క్లాసు పెట్టండి, మన సభ్యుల్లో ఉన్న పిల్లల డాక్టర్లు, నర్సులు తెలుగులో చెబుతారు. మళ్లీ ఉద్యోగంలో చేరేవాళ్లకు 2022 పంప్ చట్టం గురించీ అందులో చెప్పాలి. బిడ్డకు ఏడాది వచ్చేదాకా ఆఫీసులో పాలు తీసుకోవడానికి విరామమూ, బాత్రూమ్ కాని చాటైన చోటూ ఇవ్వాలని ఆ చట్టం చెబుతుందని చాలామంది అమ్మాయిలకు తెలియదు. వచ్చే కార్యవర్గ సమావేశం ఎజెండాలో ఇది పెట్టండి, ఏర్పాట్లు చూసుకోవడానికి నేను సిద్ధం.